గుట్టుకి కట్టే వడ్డీ

ఉగాది సాయంత్రం గుళ్ళో పంచాంగ శ్రవణం జరుగుతున్నప్పుడు జనాన్ని గమనించండి. ఈ ఏటి రాజెవరు, మంత్రెవరు, వానలెలా ఉంటాయి అని పంతులుగారు చదువుతున్నంతసేపూ సగం మంది సెల్‌ఫోన్లలో ఉంటారు, మిగతా సగం ప్రసాదం ఎటునుంచి వస్తోందా అని చూస్తుంటారు. రాశుల ఆదాయ వ్యయాలు మొదలయ్యేసరికి మాత్రం అందరూ సర్దుకు కూర్చుంటారు. "ఆదాయం 2, వ్యయం 14" అనగానే ఆ రాశివాళ్ళంతా గొల్లుమంటారు. "మనకి కొత్తేముంది లెండి" అని పక్కవాళ్ళతో అంటారు కూడా. ఆ వెంటనే ఇంకో రెండంకెలు వస్తాయి: రాజపూజ్యం, అవమానం. నాకు ఈ వరస మీద చాలా గౌరవం. రాబడి, ఖర్చు, మర్యాద, అవమానం, ఈ నాలుగూ ఒకే ఖాతాలోవని పంచాంగం రాసినవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు.

ఏడాది మొత్తం మీద తెలుగువాడు నలుగురిలో కూర్చుని "నా రాబడికి ఏడింతలు నా ఖర్చు" అని నవ్వుతూ ఒప్పుకునేది ఆ ఒక్క పూటే. ఎందుకు ఒప్పుకోగలుగుతున్నాడు? ఆ అంకె తనొక్కడిది కాదు కాబట్టి. ఆ గుళ్ళో ఉన్న అదే రాశివాళ్ళందరిదీ, ఆ మాటకొస్తే పక్కూరి ప్రెసిడెంటుగారిదీ, అమెరికాలో ఉన్న మేనల్లుడిదీ అదే అంకె. పదిమందితో పాటు చితికిపోతే సిగ్గు ఉండదు. మర్నాడు పొద్దున్నుంచి మళ్ళీ ఎవరి అంకె వాళ్ళ గుప్పిట్లోకి వెళ్ళిపోతుంది. జీతమెంతని అడిగితే "ఏదో వస్తోందండీ" అంటాం. అప్పెంతని ఎవరూ అడగరు, అడిగినా చెప్పం. డబ్బుతో మనకున్న పేచీలో లేమి వాటా ఎంతో, దురాశ వాటా ఎంతో నేను తేల్చలేను. గుట్టు వాటా మాత్రం మనం అనుకునేదానికన్నా చాలా పెద్దదని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు పుస్తకాల్లోంచి రాలేదు, బ్యాంకు కౌంటరు వెనక కుర్చీలోంచి వచ్చింది.

నా సర్వీసులో ఎక్కువ భాగం గుంటూరు జిల్లా పల్లెటూరి బ్రాంచీల్లో గడిచింది. అక్కడ బ్యాంకంటే ముందు బంగారం మీద అప్పే. మంగళవారం తెచ్చిన అప్పు తీరదనీ, శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదనీ ఆ రెండు రోజులూ కౌంటరు పల్చగా ఉండేది. మిగతా రోజుల్లో పొద్దున్నే బెంచీలు నిండేవి. అప్రైజరు గీటురాయి మీద నగ గీసి, ఆసిడ్ చుక్క వేసి, తక్కెట్లో పెట్టి, రాళ్ళ తరుగు పోను ఎంతో పైకి చదివేవాడు. ఆయన గట్టిగా చదివితే బెంచీ మీద వాళ్ళు తల పక్కకి తిప్పుకునేవాళ్ళు. వినకపోవడం అక్కడ మర్యాద. రేపు తమ వంతు వచ్చినప్పుడు పక్కవాళ్ళు కూడా అలాగే తల తిప్పుకోవాలిగా.

ఒకసారి యాభై దాటిన ఒకావిడ వచ్చింది. కొంగుముడి విప్పి, న్యూస్ పేపర్ ముక్కలో చుట్టిన నాలుగు గాజులు తీసింది. తూకం అయింది, సంతకాలు అయ్యాయి, డబ్బు చేతికి వచ్చింది. అయినా కదలలేదు.

"బాబూ, దీని తాలూకు కాగితం ఏదీ మా ఇంటికి పోస్టులో రాదుగా?"

"టైముకి వడ్డీ కడితే ఏదీ రాదమ్మా."

"ఫోనుకి మెసేజీ వస్తదంటగా?"

"వస్తుంది. నంబరు ఎవరిదిచ్చారు?"

"మా పెద్దోడిది." కాస్సేపు ఆలోచించింది. "అది కొట్టేసి మా చెల్లెలి నంబరు రాయి బాబూ."

డబ్బు దేనికో నేను అడగలేదు. ఫారంలో "వ్యవసాయ ఖర్చులు" అని ఉంది. ఆ నెలలో చేలో పనేమీ లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కొన్నాళ్ళకి ఆవిడ భర్త వచ్చాడు. ఆయన తెచ్చింది ఆవిడ మెళ్ళోని గొలుసు. "సార్, మా ఇంట్లో ఈ సంగతి తెలీదు. బ్యాంకు లాకర్లో పెట్టానని చెప్పా" అన్నాడు. ఒక రకంగా అబద్ధమూ కాదు, బ్యాంకులోనే ఉంది మరి. ఆ రాత్రి రెండు నగల సంచులూ ఒకే ఇనప్పెట్టెలో, వేరు వేరు నంబర్లతో ఉన్నాయి. ఇద్దరూ ఇంట్లో ఒకే దీపం కింద కూర్చుని అన్నం తిని ఉంటారు. మధ్యలో నేను. ఖాతాదారు సంగతి పైకి చెప్పకూడదని ఉద్యోగ నిబంధన. ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, మీరిద్దరూ దాస్తున్న మొత్తం కలిపితే ఇంత, దీనికి కట్టే వడ్డీ ఇంత అని కాగితం మీద వేసి చూపించాలని ఎంతగానో అనిపించింది. చూపించే హక్కు నాకు లేదు.

ఇలాంటి దాపరికం పల్లెటూరికో, చదువులేమికో కట్టబెట్టేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. కానీ వియన్నాలోని చదువుకున్న, కలిగినవాళ్ళకి వైద్యం చేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1913లో రాసిన ఒక వ్యాసంలో వేరే మాట చెప్పాడు. నాగరికులు డబ్బు సంగతుల్నీ పడకగది సంగతుల్నీ ఒకేలా దాస్తారట, రెండింటి దగ్గరా ఒకేలా బిడియపడతారట, ఒకేలా నటిస్తారట. అందుకే వైద్యుడు తన ఫీజు దగ్గర మొహమాటపడకుండా మొదటిరోజే మాట్లాడేసుకోవాలని సలహా కూడా ఇచ్చాడు. వందేళ్ళు దాటింది. పడకగది సంగతులు ఇప్పుడు సినిమా పాటల్లో, టీవీ చర్చల్లో బాహాటంగానే తిరుగుతున్నాయి. జీతం చీటీ మాత్రం ఇంకా మడతపెట్టే ఉంది.

గుట్టుకి ధర ఎంతో కూడా లెక్క వేయొచ్చు. మా బ్రాంచి ఉన్న ఊళ్ళో వడ్డీకిచ్చే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. నూటికి రెండు రూపాయలు. మన లెక్కలో నెలకి నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. అప్పట్లో బంగారం పెడితే బ్యాంకులో ఏడాదికి పది శాతం లోపే పడేది. రెండు లక్షలకి ఆయన దగ్గర ఏడాది వడ్డీ 48,000, మా దగ్గర మహా అయితే 20,000. ఇంట్లో బంగారం ఉండి కూడా ఆయన దగ్గరికే వెళ్ళినవాళ్ళని నేను చూశాను. ఎందుకంటే బ్యాంకు ముందు బండి ఆపితే ఊరంతా చూస్తుంది. ఆయనైతే చీకటిపడ్డాక తనే ఇంటికొస్తాడు. మంచం మీద కూర్చుని మజ్జిగ తాగి, ప్రామిసరీ నోటు రాయించుకుని, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతాడు. ఆ తేడా 28,000 రూపాయలూ నోరు మూసుకుని ఉన్నందుకు ఇచ్చే కూలి. నోటుకి మూడేళ్ళు గడువు. అది దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి ఈలోపు ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయిస్తారు, అక్కణ్ణించి మళ్ళీ మూడేళ్ళు. అసలు తీరని నోట్లకి ఎన్ని చెల్లులు పడతాయో ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి ఎవరూ చెప్పరు.

కౌలు రైతు సంగతి ఇందులో కలపకండి. అతనికి పెట్టడానికి పట్టాదారు పాసు పుస్తకం లేదు, చాలాసార్లు బంగారమూ లేదు. బ్యాంకు గడప అతనికి ఎత్తు. అతను కట్టేది గుట్టుకి వడ్డీ కాదు, దారి లేక కట్టేది. వేరే దారి ఉండీ చీకటి దారి పట్టేవాళ్ళ గురించి నేను చెబుతున్నాను.

చీటీల్లోనూ ఇదే ఆట. లక్ష రూపాయల చీటీ, ఇరవైమంది, నెలకి ఐదేసి వేలు. మొదటి నెలల్లోనే ఎవరైనా పాతికవేలు తగ్గించి పాడుకుంటే చేతికి వచ్చేది 75,000. చీటీ నడిపేవాడి కమిషన్ ఐదువేలు పోగా మిగిలిన ఇరవైవేలు ఇరవైమందికీ తలో వెయ్యి. వెయ్యి కలిసొచ్చిందని సంతోషిస్తూనే పందొమ్మిదిమంది పాడుకున్నవాడి మొహం చూస్తారు. అంతలా తెగ్గోసి పాడాడంటే ఇంట్లో ఏదో అయ్యిందన్నమాట. అందుకే తెలివైనవాళ్ళు బావమరిదిని పంపి పాడిస్తారు. పాట అయ్యాక బావమరిదికి చిన్నదో పెద్దదో పార్టీ. అదీ గుట్టు పద్దు కిందే.

మన హాస్యానికి డబ్బు జబ్బుల్లో ఒక్కటే బాగా కనిపించింది, పిసినారితనం. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు, వరవిక్రయంలో సింగరాజు లింగరాజు, 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను. 1987 నుంచి ఇవాళ్టి దాకా ఆ సీనుకి నవ్వని తెలుగువాడు లేడు. పిసినారి జబ్బు బయటికి కనిపిస్తుంది కాబట్టి నవ్వడం తేలిక. అప్పుచేసి ఆడంబరంగా పెళ్ళి చేసినవాడి జబ్బు లోపల ఉంటుంది, ఆ పెళ్ళిలో భోంచేసినవాళ్ళం మనమే, ఎలా నవ్వుతాం? ముళ్ళపూడి వెంకటరమణ 'ఋణానందలహరి'లో అప్పారావు ఒక్కడే వీళ్ళకి భిన్నం. అప్పు అడగడంలో అతనికి బెరుకు లేదు, దాచడం లేదు, అందుకని బాధా లేదు. అప్పారావుని చూసి నవ్వుకున్నవాళ్ళలో చాలామంది లోలోపల అసూయపడి ఉంటారని నా అనుమానం. అతనంత సిగ్గుమాలినతనం మనకి అక్కర్లేదు. అందులో పదోవంతు ఉంటే చాలు.

దాచడం వల్ల ఒరిగే నష్టం వడ్డీతో ఆగదు. 2013లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల్ని కోతకి ముందు ఒకసారి, కోత డబ్బు వచ్చాక ఒకసారి అవే రకం పరీక్షలతో చూశారు. అదే రైతు, అదే బుర్ర. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో చిక్కుముడి బొమ్మల పరీక్షలో తక్కువ మార్కులు, డబ్బు వచ్చాక ఎక్కువ. లేనివాడికి తెలివి తక్కువ అని తేలిగ్గా అనేసేవాళ్ళకి ఇది మంచి జవాబు. రేపటి కిస్తీ గురించిన బెంగ ఇవాళ్టి ఆలోచనలో కొంత భాగాన్ని తినేస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్లెపియన్ అనే ఆయన రహస్యాల మీద పనిచేశాడు. ఎదుటివాళ్ళ ముందు దాచాల్సి వచ్చిన క్షణాల కన్నా, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదేపదే అక్కడికే పోవడం మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని ఆయన తేల్చాడు. ఈ రెండూ కలిపి చూడండి. అప్పు ఒక బరువు, అప్పుందని దాచడం దాని మీద ఇంకో బరువు. ఆ రెండోది ఇంట్లో నోరు విప్పితే ఆ పూటే దిగిపోతుంది, రూపాయి ఖర్చు లేకుండా.

దిగకపోతే ఏమవుతుందో మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్స్కీ 1979లోనే చెప్పారు. లాభం వచ్చేటప్పుడు మనిషి జాగ్రత్తపరుడు, ఉన్నది చాలంటాడు. నష్టంలో ఉన్నప్పుడు మాత్రం తెగించి జూదానికి దిగుతాడు. ఖాయమైన నష్టాన్ని ఒప్పుకోవడం కన్నా, ఇంకా పెద్ద నష్టం వచ్చే పందెమే నయమనిపిస్తుంది. మన ఇళ్ళలో నష్టం ఖాయమయ్యేది ఎప్పుడు? ఇంట్లో చెప్పినప్పుడు. చెప్పనంతకాలం అది ఇంకా తిరిగొచ్చేదే. షేర్ మార్కెట్లో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడే కుర్రవాళ్ళని అడగండి, లక్ష పోగొట్టుకున్నవాడు రెండు లక్షలు తెచ్చి మళ్ళీ ఎందుకు పెడతాడో. నాన్నకి తెలిసేలోపు లక్ష తిరిగి రావాలి, అంతే. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో బయటపెట్టిన లెక్కల ప్రకారం అంతకుముందు మూడేళ్ళలో ఆ ఆట ఆడిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఆ 93 శాతంలో ఎంతమంది ఇంట్లో చెప్పారో లెక్కపెట్టినవాళ్ళు లేరు.

ఆడవాళ్ళ దాపరికాన్ని, మగవాళ్ళ దాపరికాన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. మగవాడు సాధారణంగా అప్పు దాస్తాడు, ఆడది పొదుపు దాస్తుంది. పోపుల డబ్బా అడుగున, బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనక ఉండే ఆ నోట్లు ఏ సరదాకీ కాదు. మొగుడు తాగి ఖర్చుపెట్టకుండా, పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి చెయ్యి చాచకుండా ఉండటానికి. 2016 నవంబరు 8 రాత్రి ఐదువందల, వెయ్యి నోట్లు చెల్లవనగానే దేశంలో అందరికన్నా ముందు గుండె జారింది ఆ డబ్బాల యజమానులకే. నవంబరు 10 నుంచి డిసెంబరు 30 దాకా మా కౌంటర్లలో వాళ్ళే. గృహిణుల ఖాతాల్లో రెండున్నర లక్షల దాకా వేసుకుంటే ఆరా తీయబోమని ప్రభుత్వం చెప్పింది కానీ, వాళ్ళ భయం ఇన్‌కమ్ టాక్సు గురించి కాదు. పక్కన నిలబడ్డ భర్త గురించి. "ఇంత ఎక్కణ్ణించి వచ్చిందే?" అని కొందరు క్యూలోనే నిలదీశారు. ఒకాయన మాత్రం ఆ కట్ట చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫారం తనే నింపి పెట్టాడు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన గుట్టు ఒక్క ప్రకటనతో రట్టయింది. ఆ తర్వాత కొన్ని ఇళ్ళలో ఆ డబ్బు ఆడవాళ్ళ చేతిలోనే నిలిచింది. చాలా ఇళ్ళలో నిలవలేదు.

అదే ఆడవాళ్ళు డబ్బు గురించి గొంతెత్తి మాట్లాడగలరని నెల్లూరు జిల్లా నిరూపించింది. 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడ పొదుపులక్ష్మి పేరుతో రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు మొదలయ్యాయి. డ్వాక్రా సంఘాలు రాష్ట్రమంతా పాకాక నేనూ వాళ్ళ మీటింగులకి వెళ్ళేవాణ్ణి. చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. లీడరు పుస్తకం తెరిచి, ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత బాకీ, ఎవరు ఈ నెల కట్టలేదు అన్నీ పేర్లతో సహా చదువుతుంది. కట్టలేనామె కారణం చెబుతుంది. "దాని మొగుడికి ఆపరేషనయిందిగా, వచ్చే నెల కడతది, రాయక్కా" అని ఎవరో ఒకరు అంటారు. అయిపోయింది. తెల్లకాలర్ల ఇళ్ళలో ఏళ్ళు గడిచినా జరగని సంభాషణ ఆ చాప మీద రెండు నిమిషాల్లో జరిగేది. బ్యాంకులో మా మేనేజర్లు డ్వాక్రా అప్పులంటే నిశ్చింతగా ఉండటానికి అసలు కారణం ఆ పుస్తకం పైకి చదవడమే.

ఆ పద్ధతినే కొన్ని మైక్రోఫైనాన్సు సంస్థలు తర్వాత తలకిందులు చేశాయి. కిస్తీ కట్టని ఇంటి ముందు మిగతా సభ్యుల్ని కూర్చోబెట్టి అరిపించడం మొదలైంది. కష్టం చెప్పుకునే చాప పోయి, పరువు తీసే గుంపు మిగిలింది. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

పరువుని తాకట్టు పట్టడం ఈ తీరానికి కొత్తేమీ కాదు. పదమూడో శతాబ్దం చివర్లో మార్కోపోలో కోరమాండల్ తీరంలో తమిళదేశం గురించి రాస్తూ ఒక ఆచారం చెప్పాడు. పదేపదే అడిగినా బాకీ తీర్చనివాడి చుట్టూ అప్పిచ్చినవాడు నేల మీద గీత గీస్తాడు. బాకీ తీర్చకుండానో, హామీ ఇవ్వకుండానో ఆ గీత దాటితే మరణశిక్ష. ఒక వర్తకుడు గుర్రం మీద ఉన్న రాజు చుట్టూనే గీత గీశాడనీ, బాకీ తేలేదాకా రాజు కదల్లేదనీ కూడా రాశాడు. ఇప్పుడు ఆ గీత ఫోనులో ఉంది. అప్పుల యాప్ వేసుకునేటప్పుడు కాంటాక్టులకి అనుమతి అడుగుతుంది, మనం నొక్కేస్తాం. ఐదువేలు అప్పంటే ప్రాసెసింగ్ ఫీజు కోసుకుని మూడున్నరవేలు చేతికిస్తారు, వారంలో కట్టాలి. కట్టకపోతే అమ్మకి, పెదనాన్నకి, ఆఫీసులో మేనేజరుకి ఫోన్లు, మార్ఫింగ్ చేసిన ఫోటోలు. 2020 డిసెంబరులో హైదరాబాదులో ఈ యాప్‌ల వేధింపులతో ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు వరసగా వచ్చాయి, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ వార్తల్లో నన్ను పట్టుకున్నది అప్పుల మొత్తం. చాలావాటిలో అది ఇంట్లో ఒక గొలుసు అమ్మితే తీరేదే. ఆ యాప్ తాకట్టు పట్టింది వాళ్ళ ఆస్తిని కాదు, ఇంట్లో చెప్పలేకపోవడాన్ని. మొదటిరోజే చెప్పేసినవాడి మీద ఆ బెదిరింపు పనిచేయదు.

చెప్పకపోవడం మనం పిల్లలకి నేర్పే విద్యే. "చిన్నపిల్లవాడి ముందు డబ్బు మాటలెందుకు" అని ఒకరినొకరు కసురుకుంటాం. వాడు గోడ అవతలినుంచి అంతా వింటాడు, అంకె తప్ప. ఇంట్లో డబ్బుందో లేదో తెలియదు, డబ్బంటే గొంతులు మారతాయని మాత్రం తెలుసు. పెద్దయ్యాక అమెరికా వెళ్తాడు. వెళ్ళడానికి ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన అప్పు ఎంతో నాన్న చెప్పడు. వెళ్ళాక ఉద్యోగం పోయి మూడు నెలలైందని కొడుకు చెప్పడు. ఆదివారం వీడియో కాల్లో ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. ఒకరికొకరు బెంగ పెట్టకూడదనేగా అంటే, నిజమే. ప్రేమే. ఆ ప్రేమకి రెండు దేశాల్లోనూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

ఇక పెళ్ళిళ్ళు. కట్నం 1961 చట్టం ప్రకారం నేరం కాబట్టి కాగితం మీద ఎక్కడా ఉండదు, బంధువులందరికీ అంకె తెలుసు. చదివింపులు మాత్రం ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో మైకులో చదువుతారు, పుస్తకంలో రాస్తారు, ఎదురు చదివింపుకి ఆ పుస్తకం చూసే వెళ్తారు. ఇచ్చేది మైకులో చెప్పడం, తెచ్చింది చీకట్లో దాచడం. ఈ రెండిటి మధ్య తేడాయే చాలా ఇళ్ళ అప్పు.

ఇంటి గుట్టు లంకకి చేటని పెద్దలు అన్నది బయటివాళ్ళకి చెప్పొద్దని. దాన్ని మనం ఇంట్లోవాళ్ళ దగ్గరే పాటిస్తున్నాం. వీధిలో ప్రతివాడికీ అప్పుందని టముకు వేయమని ఎవరూ అడగటం లేదు. భార్యకో, భర్తకో, పెళ్ళైన కూతురికో, ఎవరో ఒక్కరికి చెప్పండి. "ఏదో కొంత ఉందిలే" అనకండి. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. వినేవాళ్ళకి కూడా ఒక మాట: ఆ కాగితం చేతికొచ్చిన రాత్రి "ఎందుకు చేశావు" అని అడగకండి, అది వారం తర్వాత అడగొచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పులిచ్చే ఏ యాప్ కూడా మీ కాంటాక్టులు, ఫోటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. ముట్టుకుని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. మనసు కుదురుగా లేకపోతే టెలిమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.